ఇత్తడి రోలు

హాయిల్ దాటాక తారు రోడ్డు వదిలేసే చోట
ఎప్పటిలాగే దిగి టైర్లలో గాలి తీశాం.
ముందువి నేను, వెనకవి ముత్లక్.
నాలుగు బుసలు.
ముప్పై ఒక్క జనవరులుగా ఆ బుసల మధ్య
అతనేదో ఒకటి అనేవాడు,
నా బట్టతల మీదో, మా హెడ్మాస్టరు ముక్కు మీదో.
ఈసారి గాలి ఒక్కటే మాట్లాడింది.

మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకున్నాడు.
దాని కింద చిన్న రంధ్రం.
రియాద్ డాక్టర్లు పెట్టిన కొత్త ముక్కు అని
ఆసుపత్రిలో పలక మీద రాసి చూపించాడు.
నేను నవ్వాలని రాశాడు. నవ్వాను.
తర్వాత పార్కింగులో చాలాసేపు
తాళం చెవి తిప్పకుండా కూర్చున్నాను.

ఎర్ర దిబ్బకి గాలి తగలని పక్కన గుడారం వేశాం.
ఇసుకలో మేకులు నిలవవు;
సంచుల్లో ఇసుకే నింపి, తాళ్ళు కట్టి, పాతిపెట్టాం.
కట్టెలు దారిలో కొన్నవి. ఎడారిలో కొట్టడం ఇప్పుడు నేరం,
చెట్టు మిగలాలంటే అంతే మరి.
ముత్లక్ అలవాటు కొద్దీ ఒక కట్టె ముక్కు దగ్గర పెట్టుకుని,
వాసన తెలియక,
నా చేతికిచ్చాడు.
బాగుంది అన్నాను. పేర్చాడు.

పొగ అతనికి పడదు.
గాలి తిరిగినప్పుడల్లా చాప ఎత్తుకుని
నెగడు చుట్టూ గడియారం ముళ్ళలా జరుగుతూ పోయాం.

చలి ముందు కాలివేళ్ళని అడుగుతుంది,
తర్వాత మోకాళ్ళని,
ఆ తర్వాత ఎవర్నీ అడగదు.
గొర్రెతోలు కోట్లు మీదికి లాక్కున్నాం.
దక్షిణాన దిబ్బ అంచుకి ఆనుకుని సుహైల్ చుక్క.
ఇది ఒంటె కథ వేళ.

వాళ్ళ నాన్న ఒంటె తప్పిపోయిన కథ.
నేను మొదట విన్నప్పుడు ఆయన వెతికింది మూడు రోజులు.
ఏటేటా ఆ ఒంటె ఇంకొంచెం దూరం పోయేది;
దారిలో ఒక తోడేలు చేరింది, ఓ ఏడు ఒక వితంతువు,
మరుసటేడు కత్తులతో ఆమె అన్నలు.
అబద్ధమని ఇద్దరికీ తెలుసు.
నిజమైతే ఇన్నేళ్ళు వినేవాణ్ణా?

నిప్పులు కెలుకుతూ నా వైపు చూశాడు.
నాకు కథలు రావు, లెక్కల మాస్టర్ని.
"మీ నాన్న పది రోజులు వెతికాడు" అని మొదలెట్టాను.
కాదని తల ఊపాడు.
మంట వెలుగులో పది వేళ్ళూ విప్పి, మూసి,
మళ్ళీ ఒక్క వేలు ఎత్తాడు.
పదకొండు.
తోడేలు దగ్గర నేను తడబడితే
మోర పైకెత్తి కూతలేని కూత కూశాడు.
వితంతువు దగ్గర లేని ముసుగు సర్దుకున్నాడు.
అన్నలు ముగ్గురా నలుగురా అంటే
ఇంకో కట్టె నిప్పుల్లో పడేశాడు.
ఒంటె దొరికేసరికి నా గొంతు బొంగురుపోయింది.
అల్లం పాలు ముందు నాకే పోశాడు.

రాత్రి రెండుసార్లు లేచాను
అతని ఊపిరి వినడానికి.
ఉన్ని గుడ్డ కింద సన్నని ఈల.
రెండోసారి మెలకువగానే ఉన్నాడు;
పోయి పడుకోమన్నట్టు
గుప్పెడు ఇసుక నా మీదికి విసిరాడు.

తెల్లారేసరికి డబ్బాలో నీళ్ళ మీద అద్దం కట్టింది.
నన్ను లేపింది చలి కాదు, మోత.
తాతల నాటి ఇత్తడి రోట్లో
ముత్లక్ కాఫీ గింజలు దంచుతున్నాడు.
ఉత్తినే దంచడం కాదు.
రెండు దెబ్బలు లోపల, ఒకటి అంచు మీద,
అంచు దెబ్బ గంటలా సాగి దిబ్బ దాటి పోయేలా.
పూర్వం ఆ మోత విన్నవాళ్ళెవరైనా
అడక్కుండా వచ్చి కూర్చోవచ్చు.
ఇప్పుడెవరున్నారు ఈ చుట్టుపక్కల
అనుకుంటుండగానే
దిబ్బ మీద ఒక తల, తర్వాత ఒక కర్ర,
తర్వాత ఒక స్టీలు గిన్నె.

ఇద్రీస్ అట, సూడాన్ నుంచి వచ్చిన ఒంటెల కాపరి.
గిన్నెలో నురగ చావని పాలు.
"ఎవరో పిలిచారు" అన్నాడు.
జవాబు చెప్పబోయి ఆగాను.
ముత్లక్ రోలు కింద పెట్టి,
చాప మీద ఇసుక దులిపి,
మూడో కప్పులో అడుగు తడిసేంత కాఫీ పోశాడు.

చాలు అనాలంటే కప్పుని ఊపాలి, మా వాడుక అది.
పొద్దెక్కేదాకా
ముగ్గురిలో ఎవరమూ ఊపలేదు.